మాంత్రికుడి పెళ్లాం ఏమంటోంది?

ప్రశ్న: అమ్మా, నేను తెనాలిలో బ్యాంకు ఉద్యోగిని. రెండేళ్లుగా ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. హీరోకి తాత నుంచి మంత్రవిద్య వస్తుంది. వాడికది ఇష్టం లేదు. ఉద్యోగం చేసుకుంటూ, కొత్తగా పెళ్లయిన భార్యతో హాయిగా ఉండాలనుకుంటాడు. కానీ ఊరి మీదికి ఏదో ఒక ఉపద్రవం వస్తూనే ఉంటుంది, వెళ్లక తప్పదు. 140 పేజీలయ్యాయి. మంత్రాల సీన్లు బాగానే వస్తున్నాయి. ఇంటి సీన్లు రాయబోతే మాత్రం భార్య ఏడవడం, అలగడం తప్ప ఇంకేం చేయడం లేదు. మా ఫ్రెండ్ చదివి ‘మాంత్రికుడికి పెళ్లెందుకురా, ఆ అమ్మాయిని తీసేయ్’ అన్నాడు. మూడు అధ్యాయాలు జత చేశాను. తీసేయమంటారా?

జవాబు: తీసేయాల్సింది ఆ అమ్మాయిని కాదు బాబూ. పేజీ తడి ఆరకముందే తీసుకెళ్లి ఫ్రెండ్‌కి చూపించే అలవాటుని.

మూడు అధ్యాయాలూ చదివాను. మీ హీరో చెరువు కట్ట తెగకుండా ఒంటి చేత్తో నీళ్లని ఆపేస్తాడు. బాగుంది. ఆపేశాక అతనికేమీ కాదు. కనీసం చెమట కూడా పట్టదు. చొక్కా దులుపుకుని ఇంటికొస్తాడు, భార్య ‘ఇప్పుడా రావడం’ అని ఏడుస్తుంది. అతనికే ఏమీ పోనప్పుడు ఆవిడ దేనికి ఏడుస్తున్నట్టు? ఆలస్యమైనందుకా? దానికి మంత్రాలెందుకు, మీ బ్యాంకులో మార్చి నెలాఖరు చాలు.

నాకు బాగా తెలిసిన మాంత్రికుడి ఇల్లు ఒకటుంది. అది మా అత్తగారిల్లే. పల్నాడులో చిన్న ఊరు. గోడలన్నీ నాపరాళ్లవి, ఆ రాళ్ల సందుల నిండా తేళ్లు. మా మామగారికి వాళ్ల నాన్న తేలు మంత్రం ఇచ్చారు, గ్రహణం పట్టిన రోజు పీకల్లోతు నీళ్లలో నిలబెట్టి. అప్పటికే ఈయన స్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు. ‘నాకొద్దు నాన్నా’ అన్నారట. ‘నీకొద్దు సరే, ఊరికి కావాలి’ అన్నారట పెద్దాయన. మంత్రంతో పాటు నియమాలూ వచ్చాయి. పిలిస్తే ఏ వేళైనా లేవాలి. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోకూడదు, ఆకూ వక్కా ఇచ్చినా సరే. పొట్లకాయ తినకూడదు. పొట్లకాయ ఏం పాపం చేసిందో మామగారికీ తెలియదు.

ఇప్పుడు ఈ నియమాలు ఎవరి నెత్తిన పడ్డాయో చూడండి. రాత్రి ఎనిమిదింటికి కంచం ముందు కూర్చుంటారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేలోపు వాకిట్లో లాంతరు, ‘మాస్టారూ’ అని కేక. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోతారు. మా అత్తగారు ఆ కంచం మీద ఇంకో కంచం బోర్లించి గోడకి చేరగిలబడుతుంది. ఆయన తినకుండా ఆవిడ తినదు. మంత్రం వేసొచ్చాక స్నానం చేయకుండా ఆయన తినరు. స్నానానికి నీళ్లు తోడాలి, చలికాలమైతే కాచాలి. భోజనాలయ్యేసరికి పన్నెండు. మళ్లీ తెల్లారుజామున అయిదింటికి గేదె అరుస్తుంది. పైసా పుచ్చుకోకూడదన్న నియమం ఆయనది, నెలాఖర్లో పక్కింటికి చేబదులుకి వెళ్లే పని ఆవిడది. ఆ ఇంట్లో 40 ఏళ్లు పొట్లకాయ వండలేదు. పుట్టింట్లో ఆవిడకి పొట్లకాయ పెరుగుపచ్చడంటే ప్రాణం. ‘నా పెళ్లి మీ మామయ్యతో కాదమ్మాయ్, ఈ ఊళ్లో తేళ్లతో అయింది’ అనేది. ఏడుస్తూ అన్నమాట కాదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతూ అనేది.

మీ నవల్లో లేనిది ఆ చేట.

ఇంకా పెద్ద మనుషుల కథ కావాలంటే భారతంలో అరణ్యపర్వం తీయండి. అగస్త్యుడు. ఆయనా సరదాపడి పెళ్లి చేసుకోలేదు. పితృదేవతలు గోతిలో తలకిందులుగా వేలాడుతూ, నీకు సంతానం కలిగితే గాని మాకు ఉత్తమగతి లేదన్నారు, అందుకని. విదర్భ రాజుగారి కూతురు లోపాముద్ర పట్టుచీరలు విడిచి, నారచీర కట్టుకుని ఆయన వెంట వచ్చేసింది. చాలాకాలం ఇద్దరూ తపస్సు చేసుకున్నారు. తీరా ఒకనాడు ఆయన భార్యగా దగ్గరికి పిలిస్తే, ఆవిడ సిగ్గుపడుతూనే ఒక షరతు పెట్టింది. మా నాన్నగారింట్లో ఉన్నలాంటి మంచం కావాలి, నగలు కావాలి, ఈ నారచీరతో మాత్రం రాను. మీ నాన్నకున్న సంపద నాకెక్కడిది అన్నాడాయన. నీ తపస్సుతో లోకంలో ఉన్న ధనమంతా క్షణంలో తేగలవు కదా అందావిడ. తేగలను, కానీ తపస్సు ఖర్చయిపోతుంది, అది ఖర్చుకాని దారేదైనా చెప్పు అన్నాడు. ఆవిడ తగ్గలేదు. నా కోరికా తీరాలి, నీ ధర్మమూ చెడకూడదు అంది.

అంతే, ముందుముందు సముద్రాన్నే తాగేయబోయే ఆ మహానుభావుడు, పెళ్లాం అడిగిన మంచం కోసం రాజుల ఇళ్ల చుట్టూ బయల్దేరాడు. శ్రుతర్వుడు, బ్రధ్నశ్వుడు, త్రసదస్యుడు ముగ్గురూ జమాఖర్చుల లెక్క ముందు పెట్టారు. వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోతోంది, మిగులు లేదు. తీసుకుంటే ప్రజలకి కష్టమని ఆయనే వద్దన్నాడు. చివరికి నలుగురూ కలిసి డబ్బున్న ఇల్వలుడి దగ్గరికి వెళ్లారు. అక్కడ వాతాపిని వండి వడ్డించడం, ఆయన అరాయించుకోవడం మీకు తెలిసిందే. పసిపిల్లల పొట్ట నిమురుతూ ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అనని ఇల్లు మనకి లేదు. అందరికీ వాతాపి గుర్తున్నాడు. ఆయన ఆ గడప తొక్కింది ఒక మంచం కోసమన్న సంగతే మరిచిపోయారు.

చూశారా, ఆ కథలో భార్య ఏడవలేదు. అడిగింది. ఆవిడ అడగబట్టే కథ కదిలింది. మీ అమ్మాయిని కూడా ఏదైనా అడగనివ్వండి. దానికంటే ముందు మీ హీరోకి ఖర్చు పెట్టండి. మంత్రం వేసిన ప్రతిసారీ మూడు రోజులు మాట పడిపోతుందనుకోండి. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే బావమరిదికి పెళ్లిచూపులు. అత్తింటివాళ్లంతా హాల్లో కూర్చుని ఉంటే అల్లుడుగారు నోరు తెరవరు. వచ్చినవాళ్లకి ఆవిడ ఏం చెబుతుంది? అక్కణ్ణుంచి మీరే రాసుకుపోతారు, నేనక్కర్లేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్, డాలస్ నుంచి రాస్తున్నాను. ఇంగ్లీషులో విజార్డ్ అంటే ఎంతో బాగుంటుంది. తెలుగులో మాంత్రికుడు అని రాస్తే విలన్‌లా వినిపిస్తోంది. వేరే మాట చెప్పగలరా?

జవాబు: అది మాట తప్పు కాదు, ఎస్వీ రంగారావుగారి గొప్పతనం. 1951లో ‘పాతాళ భైరవి’లో ఆయన నేపాళ మాంత్రికుడిగా కనిపించినప్పటి నుంచి ఆ మాటకి గడ్డం, బొంగురు గొంతు అతుక్కుపోయాయి. వేరే మాటలున్నాయి గానీ ఒక్కోదానికీ ఒక్కో చిక్కు. మంత్రగాడు అంటే ఊళ్లో భయపడతారు. గారడీవాడు అంటే సంతలో చాప పరిచేస్తాడు. సిద్ధుడంటే ఇల్లూ వాకిలీ వదిలేసినవాడనుకుంటారు, మీ నవలకి పనికిరాడు. ఐంద్రజాలికుడు బాగానే ఉంటుంది, కానీ ఆ మనిషి గురించి ఎదురింటావిడ ఎలా మాట్లాడుతుందో ఒకసారి పైకి అని చూడండి.

మా ఊళ్లో మామగారిని ఎవరూ మాంత్రికుడనలేదు. ‘మంత్రం వేసే మాస్టారు’ అనేవారు. మీ హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీరైతే అలాగే పిలిపించండి, పేరు దానంతటదే కుదురుకుంటుంది. విజార్డ్ అని తెలుగు లిపిలో మాత్రం రాయకండి. నాకు కంప్యూటర్‌లో ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కించేది గుర్తొస్తుంది.

ప్రశ్న: మీ శీర్షికలో ఇలాంటి నవలల్ని ప్రోత్సహించడం మూఢనమ్మకాల్ని పెంచడం కాదా? — నిజామాబాద్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మాస్టారూ, మీ కోపంలో సగం నాకూ ఉంది. చేతబడి, బాణామతి అని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదివాం. అందుకే ఈ కాలపు ఊరిని, నిజమైన ఊరిపేరుతో పెట్టి, ఫలానా కులం ఆవిడ చేతబడి చేసిందని రాసిన కథ వస్తే నేను తిప్పి పంపేస్తాను. మంచి ఫాంటసీ వేరు. చందమామ మొదలైన 1947 నుంచి రాక్షసులూ మాయదివిటీలూ చదువుతూ పెరిగినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, మీరూ ఉండే ఉంటారు.

ఇక తేలు సంగతి. చాలామందికి తేలు కుట్టిన నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది. మంత్రానికి పేరొచ్చేది అక్కడే. ఈ మాట నాకు చెప్పింది మా మామగారే. ఎర్రతేలు కుడితే మాత్రం గుండెకే ముప్పు రావచ్చు. ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో ప్రాజోసిన్ అనే మాత్రతో అలాంటివాళ్లని నిలబెట్టవచ్చని చూపించారు. పసిపిల్లని తెస్తే మామగారు మంత్రం మొదలుపెట్టకముందే పాలవ్యానుకి కబురు పంపేవారు. ఎవరికైనా సరే, ముందు ఆసుపత్రి.

ప్రశ్న: నా నవల్లో భర్త మాంత్రికుడన్న సంగతి భార్యకి చివరి అధ్యాయం దాకా తెలియదు. సస్పెన్సంతా అదే. మా ఇంట్లో చదివి ‘ఒకే ఇంట్లో ఉంటూ ఎలా తెలియదు?’ అంటున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. — విశాఖపట్నం నుంచి ఒక గృహిణి

జవాబు: మీ ఇంట్లోవాళ్లదే న్యాయం. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో మొగుడు సిగరెట్ తాగొస్తేనే దాగదు, పిడుగుల్ని పిలిచొస్తే దాగుతుందా?

దాచే కథ రాయాలనే ఉంటే విష్ణుపురాణంలో సౌభరి ముని ఉన్నాడు. పన్నెండేళ్లు నీళ్లలో తపస్సు చేస్తూ, పిల్లాజెల్లాతో ఆడుకునే ఒక చేపని చూసి ఆయనకి సంసారం మీద మనసు పుట్టింది. మాంధాత కూతుళ్లు 50 మందినీ పెళ్లాడి, తపశ్శక్తితో ఒక్కొక్కరికీ ఒక్కో మేడ కట్టించాడు. తండ్రి చూడ్డానికి వచ్చాడు. మొదటి కూతురు ‘అన్నీ బాగున్నాయి గానీ, ఆయన నన్ను వదిలి కదలరు నాన్నా, అక్కచెల్లెళ్లు ఏమైపోతున్నారో’ అంది. రెండో మేడకి వెళ్తే రెండో కూతురూ అదే మాట. భార్యలకి తెలియలేదు సరే, మేడ మేడకీ తిరిగిన తండ్రికి అర్థమైంది, మనకీ అర్థమైంది. మీరు కూడా ఒక చుట్టాన్ని దింపండి. రహస్యాన్ని పాఠకుడికి ముందే చెప్పేసి, ఆవిడకి ఎంతవరకు తెలుసో తేల్చకుండా నడపండి. నన్నడిగితే అసలు సస్పెన్స్ అది.

ఎందుకంటారా? మామగారు పోయిన రెండేళ్లకి సంక్రాంతికి ఊరెళ్లాం. రాత్రి పదింటికి తలుపు చప్పుడు. మిరపకాయల కోతకొచ్చిన కూలీ ఒకామె, బొటనవేలి మీద తేలు కుట్టింది. మాస్టారు లేరని వాళ్లకి తెలియదు. అత్తగారు ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, మావారితో కారు తీయమంది. ఆయన తాళాలు వెతుక్కునేలోపు పెరట్లోంచి వేపమండ విరిచి తెచ్చి, మోకాలి దగ్గర్నుంచి వేలిదాకా మెల్లగా దించుతూ కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

కారు వెళ్లాక అడిగాను, ‘అత్తయ్యా, మామయ్య మీకెప్పుడు నేర్పారు?’ అని.

‘ఆడవాళ్లకి చెప్పకూడదటగా, నాకెందుకు నేర్పుతారు?’ అంది. ‘గ్రహణం పట్టినప్పుడల్లా పెరట్లో గోలెంలో కూర్చుని వల్లె వేసుకునేవారు. ఆ గోలెం నింపింది ఎవరనుకున్నావు?’

మర్నాడు సంతకెళ్లిన మావారు, ఇక అడ్డేముందిలే, అమ్మకిష్టమని లేత పొట్లకాయలు రెండు తెచ్చారు. అత్తగారు వాటిని చేతిలోకి తీసుకుని చూసి, పక్కింటివాళ్లకి ఇచ్చి రమ్మని మా అమ్మాయిని పంపింది.