మల్లెపూలు కట్టిన పొద్దున

చిన్నా,

అమ్మకి నాలుగో కీమో అయిందనీ, రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇంట్లో నువ్వే వేస్తున్నావనీ నాన్న చెప్పాడు. కాన్సర్ ఉన్నవాళ్ళకి వచ్చే పక్షవాతం గురించి, మీ పెద్దమ్మకి వచ్చినప్పుడు నాకు తెలిసింది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఆ రోజు పొద్దున్నే మీ పెద్దమ్మ మల్లెపూలు కడుతోంది. ముడి పడటం లేదు, ఎడమచేతిలోంచి దారం జారిపోతోంది. "వేళ్ళు మొద్దుబారాయండీ" అంది. కీమో తిమ్మిరేలే అనుకుని హార్లిక్స్ కలిపిచ్చి పడుకోమన్నాను. రెండు గంటల తర్వాత చూస్తే మూతి వంకర పోయింది. కీమో తిమ్మిరి మెల్లగా పెరుగుతుంది, మామూలుగా రెండు చేతులకీ ఉంటుంది. ఇది ఒక్క పక్కనే, ఉన్నట్టుండి వచ్చింది. నాకు తట్టలేదు. హార్లిక్స్ కూడా తప్పేనట, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

స్కానులో మెదడుకి రెండు వైపులా చిన్న చిన్న మచ్చలు, చినుకులు రాలినట్టు. బీపీ, షుగరు లేని మనిషికి పక్షవాతమేమిటని డాక్టర్ని అడిగాను. కొన్ని కాన్సర్లు రక్తాన్నే గడ్డకట్టిస్తాయట. పాంక్రియాస్ (క్లోమం), ఊపిరితిత్తి, కడుపు, అండాశయం వాటిలో ముఖ్యమైనవి. పారిస్‌లో ట్రూసో అనే డాక్టరు 1865లోనే ఈ సంబంధం చెప్పాడు. 1867లో తన చేతి సిరలోనే గడ్డ కట్టేసరికి తన జబ్బేమిటో తనకే తెలిసిపోయింది. ఆ ఏడే కడుపు కాన్సరుతో పోయాడు.

అమ్మకి మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. చివరిసారి ఎన్నింటికి బాగా ఉందో రాసి పెట్టుకో. గడ్డ కరిగించే మందుకి అప్పట్నుంచి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. కాజువాలిటీలో అడుగు పెడుతూనే "కాన్సర్ పేషెంటు, రక్తం పలచబడే ఇంజెక్షన్ ఫలానా టైముకి వేశాం" అని చెప్పు. అది పడితే కరిగించే మందు ఇవ్వకపోవచ్చు. పెద్ద నాళంలో గడ్డయితే తీగతో లాగే వీలుందేమో చూస్తారు. ఇరవై నాలుగ్గంటలూ సీటీ, న్యూరో డాక్టరు ఉన్న ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కో. ఎవరు చెప్పినా ఆస్పిరిన్ మాత్రం వెయ్యకు. మెదడులో రక్తస్రావమో, గడ్డో స్కాన్ చూడందే తెలీదు. పైగా కీమోకి ప్లేట్‌లెట్లు (రక్తస్రావాన్ని ఆపే కణాలు) పడిపోయి ఉండొచ్చు.

ఇంజెక్షన్ వేశాక రుద్దకు, కములుతుంది. బొడ్డుకి రెండంగుళాల దూరంలో, రోజుకో పక్క వెయ్యి. ఆదివారం వస్తాను, నా ఎదురుగా ఒకసారి వేసి చూపించు.

పెదనాన్న