నడుము కింద స్పర్శ లేదు... ఈత కొట్టవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 36. గీత కార్మికుణ్ణి. నాలుగేళ్ల క్రితం తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. డి12 (ఛాతీ వెనక భాగంలోని చివరి వెన్నుపూస) దగ్గర అని రిపోర్టులో ఉంది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుము కింద కదలిక, స్పర్శ లేవు. వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. నాలుగు గంటలకోసారి నేనే పైపు వేసుకుని మూత్రం తీస్తాను. కిందటి ఏడాది పిరుదు దగ్గర పుండు పడి మానింది. ఈ మధ్య బరువు పెరిగాను, భుజాలు నొప్పిగా ఉంటున్నాయి. ఈత మంచిదని ఫిజియోథెరపిస్టు చెప్పారు. చిన్నప్పుడు బావిలో బాగా ఈదేవాణ్ణి. దగ్గరి పట్టణంలో పబ్లిక్ స్విమ్మింగ్ పూల్‌కు నా భార్యతో కలిసి వెళ్లాను. నీళ్లలోకి నిచ్చెన తప్ప వేరే దారి లేదు. పైగా ‘ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకురండి, నీళ్లలో మూత్రం కలుస్తుందని మిగతావాళ్లు అభ్యంతరం చెబుతారు’ అన్నారు. నేను నిజంగానే పూల్‌లో దిగకూడదా?
– ఒక పాఠకుడు, తెలంగాణ

జవాబు: దిగవచ్చు. పుండు పూర్తిగా మానిందంటే, మీరు రాసిన వివరాల్లో ఈతకు అడ్డుపడేది ఏదీ లేదు. నాలుగేళ్లు గడిచాయి కాబట్టి రాడ్ల గురించి కూడా సాధారణంగా భయం ఉండదు. ఆపరేషన్ చేసిన సర్జన్‌కు పాత ఎక్స్‌రే ఒకసారి చూపించి అడిగితే సరిపోతుంది. మీకు ప్రమాదమంటూ ఉంటే అది నీళ్లలో లేదు, వీల్‌చైర్‌కూ నీళ్లకూ మధ్య ఉన్న ఆ రెండు మూడు అడుగుల్లో ఉంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

అంతకంటే ముందు ఒక మాట. ఈతతో కాళ్లలో కదలిక తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వెన్నుపాము దెబ్బతిని నాలుగేళ్లయ్యాక నీళ్లు ఆ పని చేయలేవు. అలా చెప్పి డబ్బు గుంజేవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. ఈత మీకు చేసే మేలు వేరు. ఊపిరి బలపడుతుంది, బరువు అదుపులో ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది. వీల్‌చైర్ తోసేటప్పుడు ఛాతీ, భుజం ముందు కండరాలే ఎప్పుడూ పని చేస్తాయి, వీపు వైపు కండరాలు వెనకబడతాయి. మీ భుజం నొప్పికి అది పెద్ద కారణం కావచ్చు. వెల్లకిలా ఈదితే ఆ వెనక కండరాలకు పని దొరుకుతుంది. వెన్నుపాము గాయమైన పెద్దవాళ్లకు అంతర్జాతీయ నిపుణులు సూచించే కనీస మోతాదు కూడా పెద్దదేమీ కాదు: కాస్త ఆయాసం వచ్చేంత వ్యాయామం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు. దానికి తోడు కండరాల బలానికి వ్యాయామాలు.

ఇక మూత్రం సంగతి. దిగే ముందు పైపుతో పూర్తిగా తీసేసుకున్న మనిషి మూత్రాశయం ఆ పూల్‌లో ఉన్న అందరికంటే ఖాళీగా ఉంటుంది. గంటల తరబడి నీళ్లలో ఆడే పిల్లల్ని మూత్రం గురించి ఎవరూ సర్టిఫికెట్ అడగరు! మధ్యలో కారే ఇబ్బంది మీకు ఉంటే మాత్రం నీళ్లలో గడిపే సమయం తగ్గించుకోండి, లోపల ఈత కోసం తయారైన బిగుతైన లోదుస్తు వేసుకోండి. మామూలు డైపర్ వద్దు, అది నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది. పైపు వాడేవాళ్ల మూత్ర పరీక్షలో బ్యాక్టీరియా కనబడటం మామూలే, ఆ కారణంగా ఈత మానక్కర్లేదు. జ్వరం, చలి, మూత్రం చిక్కగా మారి దుర్వాసన వంటివి ఉంటే మాత్రం తగ్గేవరకు వెళ్లవద్దు. విరేచనాలు ఉన్నప్పుడు అసలే వద్దు. ఈ నియమం మీకే కాదు, నడిచే వాళ్లకూ వర్తిస్తుంది. పూల్ వాళ్లను మీరూ ఒక ప్రశ్న అడగండి: క్లోరిన్ ఎంత, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) ఎంత, రోజూ రాసే పుస్తకం చూపిస్తారా? క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే నీళ్లు బాగున్నట్టే. ఆ పుస్తకమే లేని పూల్ ఎవరికీ మంచిది కాదు.

మీ విషయంలో నాకు అసలు ఆందోళన చర్మం గురించి. మానిన పుండు మీద వచ్చిన చర్మం పాత చర్మంలా ఉండదు. ఎంత బాగా మానినా దాని గట్టిదనం మునుపటి దానిలో 80 శాతం దాటదు. పూల్ అంచున గరుకు రాయి మీద జరుగుతూ దిగితే ఆ చోటు గీరుకుపోతుంది, మీకు తెలియదు. మడమలు, కాలివేళ్లు నేలకు రాసుకుపోతాయి, అదీ తెలియదు. కాబట్టి పాదాలకు నీటిలో వేసుకునే మెత్తని బూట్లు, అవి దొరక్కపోతే మందపాటి సాక్సులు తప్పనిసరి. అంచు మీద యోగా చాప మడిచి వేసి, దాని మీదే కూర్చోండి. ఎండాకాలం పగటిపూట ఓపెన్ పూల్‌కు అసలు వెళ్లవద్దు. కాలిన గచ్చు మీద, ఇనుప బెంచీ మీద నిమిషం కూర్చుంటే చాలు, మీకు నొప్పి తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ వెళ్లండి. మూత్రాశయం బిగుతు తగ్గడానికి ఆక్సిబ్యుటినిన్ లాంటి మాత్ర వాడుతున్నట్టయితే చెమట తక్కువ పడుతుంది, అలాంటివారు ఎండకు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కండరాల బిగుతుకు బాక్లోఫెన్ వేసుకుంటుంటే, మగతగా ఉన్న సమయంలో నీళ్ల దగ్గరికి పోవద్దు.

ఈత అయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరబెట్టుకోండి, ముఖ్యంగా తొడల మధ్య, పిరుదుల మధ్య. తడి నిక్కరుతో వీల్‌చైర్ పరుపు మీద కూర్చుని ఇంటికి రావడం వద్దు. ఇంటికొచ్చాక ఫోను కెమెరాతో పాత పుండు చోటు, మడమలు చూసుకోండి. ఎరుపు అరగంట తర్వాత కూడా పోకపోతే ఆ వారం ఈతకు సెలవు.

ఇప్పుడు ఆ రెండు మూడు అడుగుల సంగతి. మన పూళ్లలో జరిగేది నేను ఊహించగలను. ఇద్దరు స్నేహితులు చంకల కింద చేతులు వేసి ఎత్తి దించుతారు, మళ్లీ అలాగే లాగుతారు. వాళ్ల మనసు మంచిదే, కానీ మీ భుజాలకు అది మంచిది కాదు. మీకు మిగిలిన కాళ్లు ఆ భుజాలే. పైగా నాలుగేళ్లుగా బరువు మోయని కాళ్ల ఎముకలు పెళుసుబారి ఉంటాయి. నిచ్చెన మెట్టులో కాలు ఇరుక్కుని కాస్త మెలిపడితే విరగవచ్చు. నొప్పి తెలియదు కాబట్టి మర్నాడు కాలు వాచి, వెచ్చగా ఉంటే గానీ అనుమానం రాదు. అలా కనిపిస్తే ఆ రోజే ఎక్స్‌రే తీయించండి.

దిగడం కంటే ఎక్కడం కష్టమని గుర్తుంచుకోండి. దిగేటప్పుడు నీళ్లు మిమ్మల్ని అందుకుంటాయి. ఎక్కేటప్పుడు అలసిన చేతులు మొత్తం బరువును మోయాలి. అందుకే ఎలా బయటికి వస్తారో తేల్చుకున్నాకే నీళ్లలోకి దిగండి. లిఫ్ట్ గానీ వాలుదారి గానీ లేని పూల్‌లో నేను ఒప్పుకునే పద్ధతి ఒకటే: వీల్‌చైర్ నుంచి తక్కువ ఎత్తు బల్ల మీదికి, బల్ల నుంచి చాప మీదికి, చాప నుంచి నీళ్లలోకి దశలవారీగా జరగాలి. తిరిగి వచ్చేటప్పుడు ఒకరు నడుము పట్టీ పట్టుకుని, ఇంకొకరు మోకాళ్ల కింద చేతులు వేసి ఎత్తాలి. దీన్ని మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేల మీద సాధన చేయండి. మీ సొంత వీల్‌చైర్‌ను మాత్రం నీళ్లకు దూరంగా ఉంచండి, క్లోరిన్ తగిలితే బేరింగులు తుప్పు పడతాయి.

బావి ఈత మీకు ధైర్యం ఇస్తుంది, కానీ ఆ ఈతలో సగం పని కాళ్లదే. ఇప్పుడు నీళ్లలో మీ శరీరం మీరు అనుకోని వైపు తిరిగిపోతుంది. అందుకే మొదట నేర్చుకోవలసింది ముందుకు పోవడం కాదు, బోర్లా పడితే వెల్లకిలా తిరిగి ఊపిరి తీసుకోవడం. లండన్‌లోని హాలివిక్ పాఠశాలలో వికలాంగ బాలికలకు ఈత నేర్పుతూ 1949లో జేమ్స్ మెక్‌మిలన్ రూపొందించిన పద్ధతిలో గాలి ట్యూబులు ఉండవు. నీళ్లలో శరీరాన్ని తిప్పడం, నిలబెట్టుకోవడం ముందు, చేతులు ఆడించడం తర్వాత. మీ ఫిజియోథెరపిస్టుకు హాలివిక్ పేరు చెప్పండి, విని ఉండవచ్చు. తల ముందుగా దూకడం ఎన్నటికీ వద్దు. బావికీ చెరువుకూ తిరిగి వెళ్లవద్దు, చిన్న గాయం ఉన్నా ఆ నీళ్లలో ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, బయటికి తీసే దారీ ఉండదు.

మురళీకాంత్ పేట్కర్ పేరు వినే ఉంటారు. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలి గాయపడిన సైనికుడు. చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. మీరు పతకం తేవాలని చెప్పడం లేదు. వెన్నుకు దెబ్బ తగిలినవాడు నీళ్లలోకి రావడం మన దేశానికి వింత కాదని పూల్ మేనేజర్‌కు చెప్పడానికి పనికొస్తుంది.

ఆయనకు చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం-2016లోని 30వ సెక్షన్ క్రీడా సౌకర్యాలు వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలంటుంది. 45వ సెక్షన్ ప్రకారం అప్పటికే ఉన్న ప్రజా భవనాలను నియమావళి వెలువడిన ఐదేళ్లలో మార్చాలి. నియమావళి 2017 జూన్‌లో వచ్చింది, గడువు 2022లోనే ముగిసింది. వికలాంగులకు అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేయకూడదని, తప్పనిసరి నియమాలు తేవాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నేను లాయర్ను కాను. అయినా రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఒక పేజీ ఫిర్యాదు రాయడానికి లాయర్ అక్కర్లేదు.

ఫిర్యాదులో ‘సౌకర్యాలు కల్పించండి’ అని మాత్రమే రాస్తే మెట్ల పక్కన ఒక నీలం బోర్డు పెట్టి ఊరుకుంటారు. కావలసింది కొలతలతో అడగండి. అమెరికాలో 2010 ప్రమాణాల ప్రకారం గోడల చుట్టుకొలత 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు దాటిన పూల్‌కు రెండు దారులు ఉండాలి, వాటిలో ఒకటి లిఫ్ట్ గానీ వాలుదారి గానీ కావాలి. లిఫ్ట్ కనీసం 136 కిలోలు మోయాలి. మన 50 మీటర్ల పూళ్లన్నీ ఆ కొలత దాటినవే. వాలు 12కు 1 ఉండాలి కాబట్టి 75 సెంటీమీటర్ల లోతుకు చేరాలంటే 9 మీటర్ల వాలుదారి కావాలి. పాత పూల్‌లో అంత చోటు దొరకదు, లిఫ్టే మేలు. అందరూ మరిచిపోయేది బట్టలు మార్చుకునే గది. తోడుగా వచ్చిన మీ భార్య పురుషుల గదిలోకి రాలేరు, మీరు స్త్రీల గదిలోకి వెళ్లలేరు. కుటుంబం కలిసి వాడుకునే విడి గది, 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు, పడుకుని బట్టలు మార్చుకోవడానికి ఒక బెంచీ అడగండి. లిఫ్ట్ ఉండి ఈ గది లేకపోతే చాలామంది రెండోసారి రారు.

సర్టిఫికెట్ విషయానికొస్తే, అందరినీ అడిగితే మీరూ ఇవ్వండి. మిమ్మల్ని ఒక్కరినే అడిగితే ఎందుకో రాతపూర్వకంగా ఇమ్మనండి. మీ డాక్టర్ రాసే కాగితంలో ‘ఈతకు అర్హుడు’ అన్న ఒక్క ముక్క కంటే, చర్మం మీద పుండ్లు లేవు, మూర్ఛ లేదు, దిగడానికి ఎక్కడానికి ఇద్దరి సాయం కావాలి అని ఉంటే లైఫ్‌గార్డుకు కూడా ఉపయోగం.

ఇది చదువుతున్న మిగతావారికి మూడు హెచ్చరికలు. గాయం డి6 (ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస) దగ్గర లేదా అంతకంటే పైన ఉన్నవారికి మూత్రాశయం నిండినా, చల్లని నీళ్లు తగిలినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు కనిపిస్తే వెంటనే బయటికి తీసి నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. మూత్రం ఖాళీ చేసి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీళ్లు డాక్టర్ను చూడకుండా ఈత మొదలుపెట్టకూడదు. మూర్ఛ ఉన్నవారు పక్కనే నీళ్లలో ఒక మనిషి లేకుండా దిగకూడదు, గట్టు మీది లైఫ్‌గార్డు సరిపోడు. పోలియో ఉన్నవారికి ఈత బాగా పనికొస్తుంది, కాకపోతే వాళ్ల కాళ్లు చలికి త్వరగా బిగుసుకుంటాయి, అలసటా మర్నాడు బయటపడుతుంది. కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

చివరిగా, మీ ఉత్తరంలో కిడ్నీల స్కానింగ్ గురించి లేదు. పైపుతో మూత్రం తీసుకునేవారు ఏడాదికోసారి అల్ట్రాసౌండ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి. ఏడాది దాటి ఉంటే పూల్ సంగతి తేలేలోగా ఆ పని పూర్తి చేయండి.