‘ఉన్నాను’, ‘ఉన్నానట’, ‘ఉన్నట్టు’: పోయిన జన్మను ఏ మాటతో చెప్పాలి?

సందేహం: హనుమకొండ చౌరస్తాలో ఒక పోస్టరు చూశాను. ‘హిప్నాసిస్ ద్వారా మీ పునర్జన్మలోకి ప్రయాణించండి’ అని ఉంది. వెనకటి జన్మను పునర్జన్మ అనొచ్చా? పూర్వజన్మ, గతజన్మ – వీటిలో ఏది సరి? హిప్నాసిస్‌కు వశీకరణం అన్న మాట సరిపోతుందా? ఇంకొకటి. మా అక్క బిడ్డ అక్కడికి వెళ్లొచ్చి, ‘నేను పోయిన జన్మలో ఓరుగల్లు కోటలో ఏనుగుల దగ్గర ఉన్నాను’ అంటోంది. ‘ఉన్నాను కాదే, ఉన్నానట అను’ అన్నాను. ‘ఎవరన్నా చెప్తే కదా అట అనేది, నేనే చూశాను’ అని పోట్లాటకు వచ్చింది. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. ముందు పోస్టరు సంగతి చూద్దాం.

పునః అంటే మళ్లీ. పునర్జన్మ అంటే మళ్లీ పుట్టడం. ఆ మాట ఎప్పుడూ ముందుకే చూస్తుంది. భగవద్గీత ఎనిమిదో అధ్యాయంలో ‘మాముపేత్య తు కౌంతేయ పునర్జన్మ న విద్యతే’ అంటాడు కృష్ణుడు. నన్ను చేరినవాడికి మళ్లీ పుట్టుక లేదని. ఆయనే నాలుగో అధ్యాయంలో వెనకటి జన్మల గురించి చెప్పేటప్పుడు ‘బహూని మే వ్యతీతాని జన్మాని తవ చార్జున’ అన్నాడు. వ్యతీతం అంటే గడిచిపోయినది. ముందుదానికి ఒక మాట, వెనకదానికి ఒక మాట. మన వాడుకా ఇంతే. ‘కాన్పంటే ఆడదానికి పునర్జన్మ’ అంటారు. గుండెపోటు వచ్చి బతికి బట్టకట్టినవాణ్ణి చూసి ‘వీనికిది పునర్జన్మ’ అంటారు. రెండు చోట్లా అర్థం కొత్తగా మొదలైన బతుకనే. జన్మల మీద నమ్మకం ఉన్నవాళ్ల లెక్కలో మనం ఇప్పుడు బతుకుతున్నదే పునర్జన్మ. కాబట్టి పోస్టరు మీద ఉండాల్సింది పూర్వజన్మ. (కొందరు ‘పునఃజన్మ’ అని రాస్తున్నారు. సంధి జరిగి పునర్జన్మ కావాల్సిందే.)

ఊళ్లలో పెద్దవాళ్లకు ఈ సంస్కృత సమాసంతో పనే పడదు. ఈ మధ్య మా చుట్టాలింట్లో తొట్టెల ఫంక్షనుకు వెళ్లాను. తొట్టెలలో పాప. పక్కన కూర్చున్న బాపమ్మ పాప చెవితమ్మె వెనక ఉన్న పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, ‘మా అత్తకు గూడ గిక్కడనే ఉండె. అత్తనే మళ్ల పుట్టింది’ అంది. అని, అత్తను పిలిచినట్టే పాపను ‘మీరు’ అని పలకరించింది. ఇరవై ఒక్క రోజుల పసిగుడ్డుకు మీరు! ‘మళ్ల పుట్టింది’ అన్న రెండు మాటల్లో పునర్జన్మ అంతా ఉంది. ఆమె నమ్మకం ఎంత గట్టిదో ఆ ‘మీరు’లో ఉంది.

పూర్వజన్మ, గతజన్మ రెండూ ఒప్పే. తేడా మాత్రం ఉంది. గత వారం, గత ఏడాది అన్నప్పుడు సరిగ్గా దీనికి ముందుదే మనకు తోస్తుంది. అలాగే గతజన్మ అంటే దీనికి ముందుదని చెవికి తగులుతుంది. పూర్వజన్మకు ఆ హద్దు లేదు. ఎన్ని జన్మల వెనకదైనా పూర్వజన్మే. ‘పూర్వజన్మ సుకృతం’ అనే చోట గతజన్మ సుకృతం అని మారిస్తే నా చెవికి పొసగదు. పోతన భాగవతంలో గజేంద్రుడు అంతకు ముందు ఇంద్రద్యుమ్న మహారాజు. పురాణం చెప్పేవాళ్లు దాన్ని ‘పూర్వజన్మ వృత్తాంతం’ అనే చెబుతారు. జన్మాంతరం అన్నది వేరు. దేశాంతరం అంటే మరో దేశమైనట్టు అది మరో జన్మ. ముందుకైనా వెనక్కైనా చెల్లుతుంది.

ఇక్కడే ఒక పాత మాట గుర్తు చేయాలి. జాతిస్మరుడు. అంటే పూర్వజన్మ జ్ఞాపకం ఉన్నవాడు. జాతికి మొదటి అర్థం పుట్టుక. జాతకం, సజాతి, విజాతి అన్నీ ఆ వేరువే. పతంజలి యోగసూత్రాల్లో ‘సంస్కార సాక్షాత్కరణాత్ పూర్వజాతిజ్ఞానమ్’ అని ఉంది. లోపలి సంస్కారాలను సాక్షాత్కరించుకుంటే వెనకటి జన్మలు తెలుస్తాయని భావం. హిప్నాసిస్‌తో మనిషిని వెనకటి జన్మలోకి తీసుకెళ్లడాన్ని ఇప్పుడు రిగ్రెషన్ అంటున్నారు. దానికి ‘పూర్వజాతిజ్ఞానం’ చక్కని పేరే, కానీ ఈ రోజుల్లో ఆ మాట రాస్తే జనం కులమో దేశమో అనుకుంటారు. కొందరు ‘తిరోగమన చికిత్స’ అంటున్నారు. తిరోగమనం అనగానే దిగజారడం గుర్తొస్తుంది, అది వద్దు. రిగ్రెషన్ అనే రాయండి.

హిప్నాసిస్‌కు వశీకరణం పనికిరాదు. ఒకరిని చెప్పుచేతల్లో పెట్టుకోవడం వశీకరణం. అందులో మంత్రం వాసన, భయం ఉన్నాయి. సమ్మోహనం అంటే విరాటపర్వంలో అర్జునుడి అస్త్రం దెబ్బకు కౌరవసేన మూర్ఛపోయిన సంగతి కళ్లముందుకు వస్తుంది. హిప్నాసిస్‌లో మనిషి మూర్ఛపోడు, వింటూ మాట్లాడుతూనే ఉంటాడు. జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ సర్జను 1843లో తన పుస్తకంతో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. అది నిద్ర కాదని తర్వాత ఆయనకే అనిపించి పేరు మార్చాలని చూశాడు. అప్పటికే జనం నోళ్లలో అది నిలిచిపోయింది. ఇంకో ముచ్చట. గ్రీకు హిప్నోస్, మన స్వప్నం ఒకే వేరు నుంచి పుట్టిన అక్కాచెల్లెళ్లు. సంస్కృతంలో స్వప్నానికి నిద్ర అనే అర్థమూ ఉంది. తెలుగులో కలగానే మిగిలింది.

మీ పోట్లాటకు ఈ కలే దారి చూపిస్తుంది.

‘అట’ వినికిడి మాట. మనం కళ్లారా చూడనిది, ఎవరో చెప్పగా తెలిసినది దానితో చెబుతాం. మన గురించి మనం చెప్పుకునేటప్పుడూ వస్తుంది. ‘నేను పుట్టిన రోజు పెద్ద వాన పడిందట’, ‘చిన్నప్పుడు నేను మస్తు ఏడ్చేదాన్నట’. ఈ జన్మలో మొదటి మూడేళ్లనే మనం ‘అట’ లేకుండా చెప్పలేం. ఆ లెక్కన మీ మాటలో బలం ఉంది. కానీ మీ అక్క బిడ్డ చెప్పిందీ నిజమే. ఆమెకు ఎవరూ చెప్పలేదు, కళ్లు మూసుకుంటే కనిపించింది. వినికిడి లేని చోట ‘అట’ పెట్టడం కుదరదు. అలాగని ‘ఉన్నాను’ అంటే, నిన్న కాజీపేట స్టేషన్లో ఉన్నాను అన్నంత నికరం అయిపోతుంది.

కల చెప్పేటప్పుడు మనం ఏమంటాం? ‘బాపమ్మ ఇంటికొచ్చినట్టు, నన్ను పిలిచినట్టు కల వచ్చింది’ అంటాం. ‘బాపమ్మ వచ్చింది’ అనం, ‘వచ్చిందట’ అనీ అనం. కనిపించింది నిజం, జరిగిందో లేదో మన చేతిలో లేదు – ఈ రెండింటినీ ‘అట్టు’ ఒక్కటే మోస్తుంది. కాబట్టి ‘ఓరుగల్లు కోటలో ఏనుగుల దగ్గర ఉన్నట్టు కనిపించింది’ అన్నది ఒప్పు. ఇందులో ఆమె అనుభవానికి ఏ లోటూ రాదు.

ఒక్క చోట మాత్రం మీ ‘అట’ తిరిగొస్తుంది. కూర్చోబెట్టిన మనిషి ‘నువ్విప్పుడు కోటలో ఉన్నావు, ఏం కనిపిస్తోంది?’ అని అడిగి ఉంటే, ఆ ప్రశ్నలోనే కోట ఉంది. అప్పుడది చెప్పగా విన్నదే. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త నికొలస్ స్పానోస్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన ప్రయోగాల్లో కనబడింది ఇదే. హిప్నాసిస్ ముందు ఏ వివరాలు చెబితే, వెనకటి జన్మల కథలు ఆ వైపుకే ఒరిగాయి. ఇంకా, ఓరుగల్లు బిడ్డకు ఏనుగులు కొత్తవా? స్కూలు ఎక్స్‌కర్షన్‌లో రామప్ప గుడికి వెళ్లని పిల్లలు మన దగ్గర తక్కువ. ఆ గుడి అడుగు గోడ మీద ఏనుగులు బారులు తీరి ఉంటాయి. చూసి మరిచిపోయినవి లోపల ఎక్కడో ఉండిపోతాయి.

భాష పనిలో ఉన్నవాడిగా నాకు ఆసక్తి ఆమె మాట్లాడిన తెలుగు మీద. అమెరికా పరిశోధకుడు ఇయాన్ స్టీవెన్‌సన్, హిప్నాసిస్‌లో స్వీడిష్ మాట్లాడిన ఒక అమెరికన్ మహిళ గురించి 1974లో పుస్తకమే వేశాడు. భాషాశాస్త్రవేత్త సారా థామసన్ ఆ సంభాషణలను పరిశీలించి, అవి కొద్దిపాటి మాటలు, పొట్టి జవాబులే తప్ప ఒక భాష వచ్చినవాళ్ల తీరులో లేవని చూపింది. ఓరుగల్లు కోట నుంచి ఏలిన కాకతీయుల పాలన 1323తో ముగిసింది. ఆనాటి శాసనాల తెలుగును ఇప్పటివాళ్లం చదివి అర్థం చేసుకోవడానికే తిప్పలు పడతాం. మిరపకాయ అప్పటికి మన నేలకు రాలేదు, పోర్చుగీసువాళ్లు వచ్చాకే వచ్చింది. కారానికి మిరియాలే దిక్కు.

ఆ సెషన్ రికార్డింగు మీ దగ్గర ఉంటే వినండి. ఆమెను అడిగిన ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. కోటలో ఏం తిన్నదో, ఏనుగులను ఏమని పిలిచిందో చెప్పి ఉంటే ఆ మాటలు కూడా.