జీడిపప్పు యూనిట్‌కు ఏ సబ్సిడీ?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆరేళ్లుగా సొంత డబ్బుతో చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. ఏటా 300 బస్తాల పిక్కలు ఆడిస్తాం. 600కు పెంచాలని ఉంది. మెషిన్లకు రూ.20 లక్షలు, గోదాముకు రూ.15 లక్షలు అవుతాయి. పీఎంఈజీపీలో (కేంద్రం స్వయం ఉపాధి పథకం) 35 శాతం సబ్సిడీ ఇప్పిస్తానని ఒక ఏజెంటు, సరిహద్దు అవతల పాతపట్నం మారిపోతే ఆంధ్రా రాయితీలు వస్తాయని మా బావమరిది చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఏజెంటుకు పైసా ఇవ్వకండి. పీఎంఈజీపీలో ఆ 35 శాతం కొత్తగా పెట్టే యూనిట్లకే. మీది నడుస్తున్న యూనిట్.

మీకు సరిపడేది పీఎంఎఫ్‌ఎంఈ, అంటే చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం పెట్టిన పథకం. అందులోనూ 35 శాతమే, గరిష్ఠంగా రూ.10 లక్షలు. మీ 20 లక్షల మీద 7 లక్షలు వస్తాయి. మీరు కనీసం 2 లక్షలు పెట్టుకోవాలి, మిగతా 18 లక్షలు బ్యాంకు అప్పు. అయితే ఆ 7 లక్షలు చేతికి రావు. మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, యూనిట్ నడుస్తూ వాయిదాలు సరిగ్గా కడితేనే అప్పులో జమ అవుతాయి. అందుకని ఈఎంఐ 18 లక్షలకే లెక్క వేసుకోండి.

గోదాముకు వ్యవసాయ మౌలిక వసతుల నిధి చూడండి. రూ.2 కోట్ల లోపు అప్పుకు ఏడేళ్ల దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. 13 లక్షలు తీసుకుంటే మొదటి ఏడాది సుమారు రూ.39 వేలు మిగులుతాయి. పీఎంఎఫ్‌ఎంఈ కాలం, ఈ నిధి కింద అప్పులిచ్చే గడువు 2025–26 వరకని ప్రకటించారు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో, బ్యాంకులో దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కున్నాకే మెషిన్లకు అడ్వాన్స్ ఇవ్వండి.

పాతపట్నం మాట మరిచిపోండి. కొత్త కరెంటు కనెక్షన్, కొత్త లైసెన్సులు, అన్నిటికన్నా ఆరేళ్లుగా పొట్టు తీయడంలో చేయి తిరిగిన ఆడవాళ్లు మళ్లీ దొరకాలి. అలాగని ఒడిశా ఇచ్చే ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో రాష్ట్రం వాటా) వాపసు మీదా ఆశ పెట్టుకోకండి. మీ పప్పు పలాస, విశాఖ వెళ్తుంటే దాని మీద పడేది ఐజీఎస్టీ, అంటే వేరే రాష్ట్రానికి అమ్మితే పడే పన్ను; ఆ వాపసు దీనికి కాదు.

నాకు అసలు భయం పిక్కల డబ్బు గురించే. 80 కిలోల బస్తాలు 600 అంటే 48 వేల కిలోలు. కిలో రూ.120 అనుకున్నా రూ.57.6 లక్షలు! మెషిన్ల ఖర్చుకు దాదాపు మూడింతలు. పిక్కలు దిగేది వేసవిలోనే, ఏడాది సరుకంతా అప్పుడే కొనాలి. ఈ సబ్సిడీ దానికి పనికిరాదు. రాయగడలో నా దగ్గరికి వచ్చే ఒకాయన డబ్బంతా డ్రయర్ మీద పెట్టేశారు. ఆగస్టుకల్లా పిక్కలు అయిపోయి డ్రయర్ మీద గోనెసంచులు ఆరేసి ఉండడం నేను చూశాను.

మెషిన్ల టర్మ్ లోన్‌తో పాటే క్యాష్ క్రెడిట్ లిమిట్ (సరుకు కొనడానికి అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) కూడా అడగండి. తాకట్టు లేదంటే సీజీటీఎంఎస్ఈ (చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఉండే ట్రస్టు) గ్యారంటీ కింద పరిశీలించమనండి. ఆ లిమిట్ 450 బస్తాలకే సరిపోతే, ఈ ఏడాది 450 బస్తాలకు తగ్గ మెషిన్లే కొనండి.