మామునూరు నుంచి రాజమండ్రికి 50 నిమిషాలన్న లెక్క గురించి

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం నుంచి రాజమండ్రికి 250 కిలోమీటర్లు, 50 నిమిషాల విమాన ప్రయాణమని ఒక సైట్ చూపిస్తోందనీ, టికెట్ మాత్రం ఎక్కడా దొరకడం లేదనీ, అమ్మగారితో రాజమండ్రిలో పెళ్లికి వెళ్లాల్సిన ఒకరు హనుమకొండ నుంచి రాశారు. దూరం సరైనదే. అయితే అటువంటి సైట్లు రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను తీసుకొని, వాటి మధ్య తిన్నని దూరాన్ని ఒక సగటు వేగంతో భాగిస్తాయే తప్ప, అక్కడ విమానం నడుస్తున్నదా లేదా అన్నది చూడవు. మామునూరు 1981 నుంచి మూతపడి ఉంది. 2025లో కేంద్రం అభివృద్ధికి అనుమతి ఇచ్చినా ప్రయాణికుల సర్వీసులు మొదలుకాలేదు.

కనుక విమానమంటే మీకు శంషాబాదే దిక్కు. అక్కడికి రోడ్డు మీద సుమారు మూడున్నర గంటలు, చెక్-ఇన్ కౌంటర్ మూసేలోగా చేరడానికి బయలుదేరే వేళకు కనీసం గంటన్నర ముందుండటం, ఆపై 360 కిలోమీటర్లకు ఏటీఆర్ అనే చిన్న విమానంలో గంటంపావు, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో దిగి ఊళ్లోకి మళ్లీ కారు, ఇవన్నీ కలిపితే ఏడు గంటలకు తగ్గదు.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి, సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే మేలని నా గట్టి అభిప్రాయం. దాదాపు ఆరు గంటల్లో రాజమండ్రి చేరుస్తుంది. కింది బెర్తు అడిగి తీసుకోండి; దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది గనుక, పెళ్లివారిలో ఎవరినైనా స్టేషన్‌కు రమ్మని ముందే చెప్పి ఉంచండి.