స్టెంట్ వేశాక రక్తస్రావం భయం లేని మందు లేదా?

మీ మామగారికి గుండె నాళంలో స్టెంట్ వేశారని, రక్తం పలచన చేసే మాత్రలకు రక్తస్రావం అవుతుందేమోనని భయంగా ఉందని, ఇంతకన్నా భద్రమైన మందు లేదా అని అడిగారు. మా నాన్నకు జరిగింది చెబుతాను.

మేముండేది చెన్నై వేళచ్చేరిలో. నాన్న నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్టెంట్ వేయించుకున్నారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఏడాది పాటు ఒక్కపూట కూడా మానొద్దన్నారు. నాలుగో నెలలో మోకాళ్ల నొప్పులని మందుల షాపుకెళితే చీటీ అడగకుండా, ఇంకేం వాడుతున్నారని అడగకుండా డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర చేతిలో పెట్టారు. పదో రోజు తెల్లవారుజామున విరేచనం తారులా నల్లగా అయింది. తిన్నదేదో పడలేదనుకుంది అమ్మ. నేను లేచేసరికి నాన్న ముఖం పాలిపోయి, గోడ పట్టుకుని కూర్చునున్నారు. హిమోగ్లోబిన్ 7. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండు, రక్తం కారుతున్నది అక్కడి నుంచే. ఆస్పిరిన్‌కు ఆ నొప్పి మాత్ర తోడవడమే కారణం.

ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, ఎన్నున్నాయని నేను అడుగుతూనే ఉన్నాను, డెంగీ రోజుల నుంచి అందరికీ అదే అలవాటు కదా. 2 లక్షల పైనే ఉన్నాయి. ఉన్నా ఒకదానికొకటి సరిగా అతుక్కోవడం లేదు, ఈ మాత్రలు చేసేది అదే. అసలు 'రక్తం పలచబడటం' అనే మాటే తప్పు, ఆ మాట విని మా బంధువులు సగంమంది మాత్రలు మానేయమని సలహా ఇచ్చారు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికే 7 నుంచి 10 రోజులూ అంతే, కొత్తవి పుట్టేదాకా ఆగాలి. మాత్రలు ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి మూసుకుపోవచ్చు, ఆపకపోతే పుండు కారుతుంది. చివరికి ఆస్పిరిన్ మూడు రోజులు ఆపి రెండోది కొనసాగించారు. ఆ మూడు రాత్రులు మేమెవరం నిద్రపోలేదు.

భద్రమైన మందు అంటారా, క్లోపిడోగ్రెల్ బదులు వాడే టికాగ్రెలార్ ప్లేట్‌లెట్‌ను అంటిపెట్టుకుని ఉండిపోదు, వదిలేస్తుంది, అయినా రక్తస్రావం మాత్రం తగ్గలేదు. నాకు ఆశ ఉన్నది జీపీ6 మీద. గుండె నాళంలో కొవ్వు పగిలినచోట గడ్డ కట్టించడంలో ప్లేట్‌లెట్ మీదుండే ఈ గ్రాహకానిది (రిసెప్టర్) పెద్ద పాత్ర. పుట్టుకతోనే అది లేనివాళ్లకు రక్తస్రావం సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, అంటే మామూలు గాయం మానడానికి శరీరానికి వేరే దారులున్నట్టే. దాన్ని అడ్డుకునే మందులను మనుషులపై పరీక్షిస్తున్నారు. అవి వచ్చి తీరతాయని నా నమ్మకం.

ఈలోపు మీ మామగారి మాత్రల డబ్బా మొత్తం డాక్టర్ ముందు గుమ్మరించండి. నొప్పి మాత్రలుంటే చెప్పండి. క్లోపిడోగ్రెల్ వాడుతూ గ్యాస్‌కు ఒమెప్రజోల్ వేసుకుంటుంటే మార్చమని అడగండి, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. నాన్నకు దాని బదులు పాంటోప్రజోల్ ఇచ్చారు.