గుమ్మడి నర్సయ్య గారు ఇల్లందులో అయిదుసార్లు ఎలా గెలిచారు, తర్వాత ఎందుకు ఓడారు?

డబ్బు లేదు, వెనక పెద్ద పార్టీ లేదు, మరి ఇల్లందు నుంచి అయిదుసార్లు ఎమ్మెల్యే ఎలా అయ్యారు, అంత మంచి మనిషిని అదే జనం ఎందుకు ఓడించారు అని అడిగారు. మాది ఆ నియోజకవర్గమే. 1999, 2004, 2009 మూడు ఎలక్షన్లకీ మా గూడెం బూత్‌లో ఆయన తరఫున ఏజెంటుగా కూర్చున్నా, కాబట్టి నేను చూసింది రాస్తున్నా.

సైకిల్ మీద తిరిగేవాడు, ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ పోయేవాడు, అందుకే గెలిచాడు అని వీడియోల్లో చెప్తుంటారు కదా, అది సగమే. బస్సులో పోవడం నిజమే, బస్టాండులో చేతిసంచితో నిలబడి ఉంటే నేనూ చూశా, కానీ మా అమ్మలాంటి వాళ్లు ఓటేసింది దానికి కాదు. మా దగ్గర ఎండాకాలం అంటే తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపి, ఇంటికొచ్చి 50 ఆకులకొక కట్ట కట్టి, పొద్దుగూకే లోపల ఆకు కొనే కల్లానికి మోసుకుపోతే అక్కడ కట్టలు లెక్కపెట్టి తీసుకునే కల్లేదారు ఆకు చిన్నగుంది మచ్చ ఉంది అని సగం పక్కన పడేసేవాడు. ఆ కట్ట రేటు పెంచమని ఏటేటా కొట్లాడింది ఎంఎల్ పార్టీ వాళ్లు, అంటే సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ, నర్సయ్య గారిది అదే. పోడు, అంటే అడవి నరికి చేసుకునే సాగు, దాని మీద కేసులైనా ముందు వచ్చేది వాళ్లే. ఓటు అడగడానికి వచ్చినప్పుడు కొత్తగా పరిచయం చేసుకునే పనే లేదు.

1983, 1985, 1989, 1999, 2004 ఆయన గెలిచిన సంవత్సరాలు. ఇందులో 1983 సంగతి మామూలు విషయం కాదు, ఎన్టీఆర్ గాలికి టీడీపీకి 294లో రెండొందలకు పైగా సీట్లొచ్చిన ఏడు అది, అప్పుడు కూడా ఇల్లందు ఈయన్ని పంపింది.

ఇంకో సంగతి బయటివాళ్లకి తెలియదు, రికార్డుల్లో ఆయన ఇండిపెండెంట్. పార్టీకి ఎన్నికల సంఘం గుర్తింపు లేదు కాబట్టి సొంత గుర్తు ఉండదు, ఖాళీగా ఉన్న గుర్తుల్లోంచి ఒకటి ఇస్తారు, ఈసారి ఉన్నది వచ్చేసారి దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాంగ్రెస్ చెయ్యి, టీడీపీ సైకిల్ చిన్నపిల్లలకీ తెలుసు. మాకు నామినేషన్ల ఉపసంహరణ అయిపోయాకే గుర్తు తేలేది, అక్కడి నుంచి పోలింగ్‌కి రెండు వారాలు, ఆ రెండు వారాల్లో చదువురాని ముసలోళ్లకి కూడా బొమ్మ గుర్తుండాలి. రాత్రిళ్లు ఇంటింటికీ కాగితం పట్టుకుపోయి ఇదీ మన బొమ్మ, ఏ వరసలో ఉందో చూసుకో పెద్దమ్మా అని వేలు పెట్టి చూపించేవాళ్లం. 2004లో ఓటింగ్ మిషన్లు వచ్చాయి, అట్ట మీద బటన్లు గీసి నేర్పించాం. మరీ మరీ అడిగేవాళ్లు పాపం, నొక్కితే షాక్ కొట్టదు కదా అని.

ఇక ఓటమి. 1994లోనూ 2009లోనూ ఆయన్ని ఓడించింది ఒకే మనిషి, ఊకె అబ్బయ్య గారు, మొదట సీపీఐ నుంచి, రెండోసారి టీడీపీ నుంచి. 2009కి నియోజకవర్గం హద్దులు మారాయి, ఇల్లందు, టేకులపల్లి, కామేపల్లి, బయ్యారం, గార్ల మండలాలతో కొత్త రూపం వచ్చింది (ఇవాళ అదే నియోజకవర్గం మూడు జిల్లాల్లో ఉంది), పైగా మహాకూటమి పేరుతో సీపీఐ, సీపీఎం, టీఆర్ఎస్ అన్నీ టీడీపీ వైపు చేరాయి. ఓటుకి నోటు, మందు తిరగడం కూడా ఆ సారే నేను కళ్లారా ఎక్కువ చూసింది, ఎవరిదో పేరు చెప్పను. 2013లో పార్టీ కూడా రెండుగా చీలింది, ఒకే గూడెంలో అన్నదమ్ములు చెరో వైపు అయ్యారు, అది మాకు చాలా బాధ పెట్టిన విషయం.

అయితే నాకు అసలు జవాబు మా చిన్నమ్మ దగ్గర దొరికింది. 2009 కౌంటింగ్ అయిన మర్నాడు, నీకు పట్టా కోసం తిరిగింది ఎవరు, నువ్వేసింది ఎవరికి అని కోపంగా అడిగేశా. ఆమె తొణకలేదు. "నర్సన్నకు ఎయ్యకున్నా మన పనికి వస్తడు బిడ్డా, గెలిచేటోనికి ఎయ్యకపోతే ఇల్లు రాదు" అంది.

నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. కానీ ఆమె లెక్క తప్పు కాలేదు. ఆ తర్వాత ఆయన మళ్లీ గెలవలేదు, అయినా జనం ఇచ్చిన కాగితాలు సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.